బౌలింగ్ బాల్‌కి ఏ లేఅవుట్ వేయించాలి: పిన్ పైనా, కిందా, దగ్గరా, దూరమా?

కొత్త బాల్ డ్రిల్లింగ్‌కి ఇచ్చినప్పుడు డ్రిల్లర్ అడిగే మొదటి ప్రశ్న "లేఅవుట్ ఏం పెట్టమంటారు?" అని. వేళ్ల రంధ్రాలను బాల్ మీది గుర్తులకు ఎంత దూరంలో, ఏ కోణంలో వేయాలన్న అమరికే లేఅవుట్. చాలామంది "బాగా హుక్ అయ్యేలా (లేన్ మీద పక్కకి బాగా మళ్లేలా) పెట్టండి" అంటారు. ఇంకొందరు తమకు నచ్చిన ప్రొఫెషనల్ ఆటగాడి లేఅవుట్ అంకెలు ఫోన్‌లో చూపిస్తారు. మొదటి జవాబుతో డ్రిల్లర్‌కి ఏమీ తెలియదు. రెండోది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఆ అంకెలు ఆ ఆటగాడి చేతికి సంబంధించినవి. మీ చేతికి అవే అంకెలు వేరేలా పని చేస్తాయి.

ముందుగా ఒక మాట. లేఅవుట్ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. బాల్ లేన్ మీద ఎలా నడుస్తుందో ఎక్కువగా నిర్ణయించేది దాని పైపొర, ఆ పైపొర ఎంత గరుకుగా ఉందన్నది. ఆ తర్వాత కోర్ (బాల్ లోపలి బరువు దిమ్మె) ఆకారం. లేఅవుట్ వంతు దాని తర్వాతే వస్తుంది. పాలిష్ చేసిన బాల్‌ని 1000 గ్రిట్ (ఈ అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) ప్యాడ్‌తో రుద్దితే వచ్చే తేడా, పిన్‌ని (పడగొట్టే పిన్ కాదు, బాల్ మీది చిన్న రంగు చుక్క) ఒక అంగుళం జరిపితే వచ్చే తేడా కన్నా చాలాసార్లు ఎక్కువే ఉంటుంది. అయితే పైపొరను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రంధ్రాలు మాత్రం అంత సులువుగా మారవు. అందుకే ఒక్కసారి వేయించే ఈ పనిలో కాస్త ఆలోచన అవసరం.

ఎంచుకునే ముందు మీ గురించి తెలియాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది పీఏపీ, అంటే పాజిటివ్ యాక్సిస్ పాయింట్. బాల్ మీ చేతి నుంచి వదిలిన క్షణంలో ఏ అక్షం చుట్టూ తిరుగుతుందో, ఆ అక్షం బాల్ ఉపరితలాన్ని తాకే చోటు ఇది. లేఅవుట్‌లో కొలతలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. పీఏపీ తెలియకుండా లేఅవుట్ అడగడమంటే దర్జీకి కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టమనడమే.

దీన్ని కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఆయిల్ ఉన్న లేన్ మీద మీ మామూలు షాట్ వేయండి. తిరిగి వచ్చిన బాల్‌ని తుడవకుండా చూస్తే, సన్నని ఆయిల్ రింగులు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. రెండు చోట్ల అవన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ బో టై ముడిలా కలుస్తాయి. వదిలిన వెంటనే ఏర్పడిన మొదటి రింగ్‌ని డ్రిల్లర్ మైనపు పెన్సిల్‌తో గీసి, దానికి అన్ని వైపులా సమాన దూరంలో ఉన్న బిందువును కొలుస్తాడు. అక్కడ చిన్న తెల్ల టేపు ముక్క అంటించి మళ్లీ వేయమంటాడు. బాల్ చేయి దాటగానే ఆ టేపు అటూ ఇటూ ఊగకుండా ఒకచోటే నిలబడి తిరుగుతుంటే పీఏపీ సరిగ్గా దొరికినట్టు. పట్టు మధ్యబిందువు నుంచి "5 అంగుళాలు కుడికి, ½ అంగుళం పైకి" అన్నట్టుగా దీన్ని రాసుకుంటారు. ఎడమచేతి వాళ్లకి దిశ తారుమారు అవుతుంది.

పక్కవాళ్ల లేఅవుట్ ఎందుకు కాపీ చేయకూడదో లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. ఒకరి పీఏపీ 5 అంగుళాల దగ్గర ఉంది, పిన్ దానికి 4½ అంగుళాల దూరంలో, వేళ్ల రంధ్రాలకి కిందుగా ఉంది అనుకుందాం. రంధ్రాలకీ పిన్‌కీ మధ్య అదే అమరికను 4 అంగుళాల పీఏపీ ఉన్న ఇంకొకరికి వేస్తే, వాళ్ల విషయంలో పిన్ దూరం సుమారు 3½కి పడిపోతుంది. మధ్యస్థంగా నడవాల్సిన బాల్ కాస్తా దాదాపు గరిష్ఠ ఫ్లేర్ (ఆయిల్ రింగులు ఒకదాని నుంచి ఒకటి దూరం జరగడం) ఇచ్చే బాల్ అయిపోతుంది.

రెండోది వేగానికీ రెవ్ రేట్‌కీ (బాల్ నిమిషానికి తిరిగే చుట్లకీ) ఉన్న పొంతన. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, ఆ టేపు ముక్క ఒక చుట్టు తిరగడానికి ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కపెట్టండి. 48 ఫ్రేములైతే నిమిషానికి 300 చుట్లు, 40 అయితే 360. ఇక వేగం చూద్దాం. ఫౌల్ లైన్ నుంచి హెడ్ పిన్‌కి (అన్నిటికన్నా ముందున్న పిన్‌కి) 60 అడుగులు. ఆ దూరం 2.4 సెకన్లలో దాటితే సగటున గంటకు 17 మైళ్లు. ఆ వేగానికి 300 నుంచి 350 దాకా రెవ్‌లు ఉంటే రెండూ సమంగా ఉన్నట్టు డ్రిల్లర్లు లెక్కగడతారు. రెవ్‌లు దీనికన్నా బాగా తక్కువైతే మీరు స్పీడ్ డామినెంట్, బాగా ఎక్కువైతే రెవ్ డామినెంట్.

యాక్సిస్ రొటేషన్ (తిరిగే అక్షం పక్కకి ఎంత మళ్లి ఉందన్నది), యాక్సిస్ టిల్ట్ (అది పైకి ఎంత వాలి ఉందన్నది) కూడా చూడాలి. చేయి పక్కకి ఎక్కువగా తిప్పి వదిలేవాళ్ల బాల్ చివర్లో పదునుగా మళ్లుతుంది. వెనక నుంచి నేరుగా పైకి లాగి వదిలేవాళ్ల బాల్ ముందే దొర్లడం మొదలుపెట్టి నిదానంగా వంగుతుంది. టిల్ట్ ఎక్కువున్న బాల్ లేన్ మీద ఎక్కువ దూరం జారుతుంది.

బాల్ మీద గుర్తులు, వాటి మధ్య అంకెలు

బాల్ మీద కనిపించే చిన్న రంగు చుక్కే పిన్. లోపలి కోర్ పైభాగం ఎటు ఉందో అది చెబుతుంది. అసిమెట్రిక్ బాల్స్ (కోర్ అన్ని పక్కలా ఒకేలా లేనివి) మీద పిన్‌కి సుమారు 6¾ అంగుళాల దూరంలో మాస్ బయాస్ గుర్తు కూడా ఉంటుంది. గ్రావిటీ కేంద్రం గుర్తు ఒకటి ఉంటుంది గానీ, ఇప్పటి నియమాల ప్రకారం దాని స్థానం మీద పెద్దగా బుర్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

లేఅవుట్ రాసే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది మో పినెల్ రూపొందించిన డ్యూయల్ యాంగిల్. 50 × 4½ × 30 అని రాస్తే మొదటిది డ్రిల్లింగ్ యాంగిల్ (పిన్ దగ్గర, పీఏపీ వైపు గీతకీ మాస్ బయాస్ వైపు గీతకీ మధ్య కోణం), మధ్యది పిన్ నుంచి పీఏపీకి దూరం, చివరిది వ్యాల్ యాంగిల్ (పీఏపీ దగ్గర, పిన్ వైపు గీతకీ నిలువు గీతకీ మధ్య కోణం). ఇంకో పద్ధతిలో చివరి అంకెగా పిన్ బఫర్ రాస్తారు. అంటే పీఏపీ గుండా పోయే నిలువు గీతకి పిన్ ఎంత దూరంలో ఉందో ఆ కొలత. రెండూ చెప్పేది ఒకటే. 4½ అంగుళాల పిన్ దూరానికి 30 డిగ్రీల వ్యాల్ యాంగిల్ అంటే బఫర్ దాదాపు 2 అంగుళాలు, 70 డిగ్రీలు అంటే దాదాపు 4 అంగుళాలు.

పిన్ దూరం ఫ్లేర్‌ని నిర్ణయిస్తుంది. బాల్ చుట్టుకొలత సుమారు 27 అంగుళాలు కాబట్టి పిన్ పీఏపీకి 0 నుంచి 6¾ అంగుళాల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండు కొసల్లోనూ కోర్ స్థిరంగా తిరుగుతుంది, ఫ్లేర్ దాదాపు ఉండదు. సరిగ్గా మధ్యలో, 3⅜ దగ్గర, కోర్ అన్నిటికన్నా ఎక్కువగా కుదురు తప్పుతుంది. తిరిగే అక్షం జరుగుతూ పోతుంది. దాంతో ప్రతి చుట్టులో ఆయిల్ అంటని కొత్త ఉపరితలం లేన్‌ని తాకుతుంది, రాపిడి పెరుగుతుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2 అంగుళాల దూరం, 4¾ అంగుళాల దూరం రెండూ 3⅜కి సమాన దూరంలోనే ఉన్నాయి. కాబట్టి రెండిటి ఫ్లేర్ దాదాపు ఒకటే. కానీ బాల్ నడక ఒకటి కాదు. పిన్ దగ్గరగా ఉంటే బాల్ తొందరగా రెవ్ అందుకుని ముందే దొర్లుతుంది, దూరంగా ఉంటే ఎక్కువసేపు జారి ఆలస్యంగా మళ్లుతుంది. "ఫ్లేర్ ఎంత?" అని అడిగి ఊరుకుంటే ఈ తేడా తెలియదు.

వ్యాల్ యాంగిల్ చూసేది రాపిడి తగిలాక బాల్ ఎంత చురుగ్గా స్పందిస్తుందన్నది. చిన్న కోణంలో పిన్ వేళ్ల రంధ్రాలకి పైన వస్తుంది (పిన్ అప్), స్పందన వేగంగా ఉంటుంది. పెద్ద కోణంలో పిన్ వేళ్ల కిందకి వస్తుంది (పిన్ డౌన్), మలుపు మెత్తబడుతుంది. డ్రిల్లింగ్ యాంగిల్ చిన్నదైతే బాల్ ముందే మారుతుంది, పెద్దదైతే ఆలస్యంగా. అసిమెట్రిక్ బాల్‌లో దీని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. సిమెట్రిక్ బాల్‌లో తక్కువే. మీది సిమెట్రిక్ బాల్ అయితే ఈ ఒక్క అంకె గురించి డ్రిల్లర్‌తో వాదనకి దిగకండి.

ఒక చూపులో

| లేఅవుట్ | పిన్ నుంచి పీఏపీ | ఫ్లేర్ | నడక | ఎవరికి |
|---|---|---|---|---|
| పిన్ అప్, మధ్యస్థం | 4½–5 | మధ్యస్థం | శుభ్రంగా జారి, చివర్లో స్పష్టమైన మలుపు | మొదటి బాల్, సమతుల్య విడుదల |
| పిన్ డౌన్, మధ్యస్థం | 4–5 | మధ్యస్థం | కాస్త ముందే మొదలై నిదానంగా వంపు | రొటేషన్ ఎక్కువున్నవాళ్లు, మారిపోతున్న లేన్లు |
| గరిష్ఠ ఫ్లేర్ | 3–4 | ఎక్కువ | బలమైన హుక్ | స్పీడ్ డామినెంట్, ఎక్కువ ఆయిల్ |
| దూరపు పిన్ | 5½–6 | తక్కువ | ఎక్కువసేపు జారుడు, అదుపైన హుక్ | రెవ్ డామినెంట్, ఆరిన లేన్లు |
| దగ్గరి పిన్ | 1–2 | తక్కువ నుంచి మధ్యస్థం | ముందే రోల్, చివర్లో మెత్తగా | ప్రత్యేక అవసరం ఉన్నవాళ్లు |

ఈ కొలతలు అంగుళాల్లో ఉన్నాయి. ఇవి మొదలుపెట్టే చోటు మాత్రమే. బాల్ మారితే ఫలితం మారుతుంది.

పిన్ అప్, పిన్ డౌన్

ఎక్కువమంది తేల్చుకోలేకపోయేది ఇక్కడే. దీని మీద జరిగినంత వాదన మిగతా వేటి మీదా జరగదు.

పిన్ దూరం రెండిటికీ 4½ అంగుళాలే అనుకోండి. 30 డిగ్రీల వ్యాల్ యాంగిల్‌తో పిన్ వేళ్ల పైకి, 70 డిగ్రీలతో ఉంగరపు వేలు రంధ్రానికి కిందుగా వస్తుంది. పిన్ అప్ వేసిన బాల్ లేన్ ముందు భాగాన్ని సులువుగా దాటి, ఆయిల్ అయిపోయిన చోట త్వరగా దిశ మారుస్తుంది. క్లబ్బుల్లో మామూలుగా వేసే ఆయిల్ 40 అడుగుల దాకా ఉంటుంది కాబట్టి చివరి 20 అడుగుల్లో ఈ స్పందన బాగా కనబడుతుంది. పిన్ డౌన్ బాల్ మలుపు గుండ్రంగా ఉంటుంది, తడి నుంచి పొడి చోటుకి మారేటప్పుడు ఉలిక్కిపడదు.

కంటికి పిన్ అప్ నచ్చుతుంది. కానీ ఆటకి ఏది నచ్చుతుందన్నది మీ చేయి బట్టి ఉంటుంది. చేయి ఇప్పటికే పక్కకి బాగా తిప్పి వదిలేవాళ్లకి పిన్ అప్ వేస్తే పదును మీద పదును చేరుతుంది. ఒక షాట్ పాకెట్‌లో (హెడ్ పిన్‌కీ దాని పక్క పిన్‌కీ మధ్య సందులో) పడుతుంది, తర్వాతి షాట్ రెండు బోర్డులు (లేన్ చెక్క పట్టీలు) బయటికి పోతే చాలు, హెడ్ పిన్‌ని దాటేసి అవతలి పక్కకి పోతుంది. స్ట్రైక్‌లు తగ్గాయంటే అసలు కారణం ఈ తడబాటే అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటివాళ్లకి పిన్ డౌన్ మంచి మందు. వెనక నుంచి నేరుగా లాగి వదిలేవాళ్ల సంగతి దీనికి పూర్తి వ్యతిరేకం. వాళ్ల బాల్ సహజంగానే మెత్తగా నడుస్తుంది. దాని మీద పిన్ డౌన్ కూడా వేస్తే పాకెట్‌లోకి వెళ్లే కోణం చాలక, మూలలో 10వ నంబరు పిన్ నిలబడిపోతూ ఉంటుంది. మంచి స్ట్రైక్‌కి ప్రవేశ కోణం సుమారు 6 డిగ్రీలుండాలని చెబుతారు. తక్కువ రొటేషన్‌తో ఆ కోణం తెచ్చుకోవాలంటే చిన్న వ్యాల్ యాంగిల్ సాయపడుతుంది.

నా మాట అడిగితే, ఒక్కటే బాల్ ఉన్నవాళ్లు పిన్ అప్‌తో మొదలుపెట్టడం మేలు. మరీ పదునుగా అనిపిస్తే పైపొరను కొంచెం గరుకు చేసి మలుపుని ముందుకి తెచ్చుకోవచ్చు. పిన్ డౌన్ వేసి "ఇంకాస్త కదలిక కావాలి" అనిపిస్తే పాలిష్‌తో వచ్చే లాభం కొంతే.

గరిష్ఠ ఫ్లేర్

"బాగా హుక్ అవ్వాలి" అనేవాళ్లకి డ్రిల్లర్ సాధారణంగా వేసేది ఇదే. వేగంగా వేస్తూ రెవ్‌లు తక్కువున్నవాళ్లకి, ఆయిల్ బాగా ఉన్న లేన్లకి ఇది నిజంగా పనికొస్తుంది. అలాంటివాళ్లకి బాల్ పిన్‌లను తాకేలోపు రోల్ దశకి చేరడమే సమస్య. పిన్‌ని దగ్గరగా తెచ్చి, డ్రిల్లింగ్ యాంగిల్‌నీ వ్యాల్ యాంగిల్‌నీ చిన్నవిగా పెడితే ఆ మార్పు త్వరగా జరుగుతుంది.

రెవ్‌లు ఎక్కువున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది. శక్తి లేన్ మధ్యలోనే ఖర్చైపోయి, పిన్‌లను తాకే సమయానికి బాల్ నీరసంగా దొర్లుతుంది. హుక్ బోలెడంత కనిపించినా పిన్‌లు పడవు. పైగా ఎక్కువ ఫ్లేర్‌లో ఆయిల్ రింగులు రంధ్రాల మీదుగా పోయే ప్రమాదం ఉంది. బాల్ లేన్ మీద టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే అదే గుర్తు. డ్రిల్లర్ ముందుగానే మీ ట్రాక్ చూసి, ఫ్లేర్ రంధ్రాలకి దూరంగా ఉండేలా జరిపి పెట్టాలి.

దూరపు పిన్

రెండు చేతులతో వేసేవాళ్లలో చాలామంది రెవ్ డామినెంట్. వాళ్లకీ, ఒంటిచేత్తోనే రెవ్‌లు ఎక్కువ తెచ్చేవాళ్లకీ 5½ దగ్గరి పిన్ ఊపిరి పీల్చుకునే అవకాశం ఇస్తుంది. ఫ్లేర్ తగ్గుతుంది, బాల్ ఆలస్యంగా మేల్కొంటుంది. ఆట సాగుతున్న కొద్దీ ఆయిల్ చెదిరి లేన్ ఆరిపోయినప్పుడు బ్యాగ్‌లో ఇలాంటి బాల్ ఒకటి ఉంటే ధైర్యంగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, తాజా ఆయిల్ మీద ఇది మళ్లడానికి మొండికేస్తుంది. అందుకని మొదటి బాల్‌గా దీన్ని ఎంచుకోవద్దు.

రెండు చేతులతో వేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బొటనవేలు రంధ్రం తీసినప్పుడు సిమెట్రిక్ బాల్‌కి కూడా కొంచెం అసిమెట్రీ వస్తుంది. ఆ రంధ్రమే లేకపోతే అది పెద్దగా రాదు. అదే లేఅవుట్ అంకెలున్నా మూడు వేళ్ల బాల్‌కీ రెండు వేళ్ల బాల్‌కీ నడక కాస్త వేరుగా ఉంటుంది.

దగ్గరి పిన్, అంటే 1–2 అంగుళాలది, ఈ రోజుల్లో అరుదు. మలుపు అస్సలు పదునుగా వద్దు, అంతా ముందే జరిగిపోవాలి అనుకునే కొన్ని లేన్లకి పనికొస్తుంది. మూడు నాలుగు బాల్స్ ఉన్నవాళ్ల సరదా అనుకోవచ్చు.

స్పేర్ బాల్ సంగతి ఇంకా సులువు. పాలిస్టర్ పైపొర, బలహీనమైన కోర్. ఏ లేఅవుట్ వేసినా నేరుగానే పోతుంది. దాని మీద ఆలోచించే సమయాన్ని పట్టు కొలతల మీద పెట్టండి.

2020 తర్వాత మారిన లెక్క

ఇంతకుముందు లేఅవుట్ అనుకున్నట్టు రాకపోతే అదనంగా ఒక బ్యాలెన్స్ రంధ్రం వేసి ఫ్లేర్‌ని పెంచడమో తగ్గించడమో చేసేవాళ్లు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2020 ఆగస్టు 1 నుంచి వాటిని నిషేధించింది. దాని నియమాల కింద జరిగే పోటీల్లో బాల్ మీద ఉన్న ప్రతి రంధ్రం పట్టుకోవడానికే వాడాలి. దానికి బదులుగా 10 పౌండ్లకి పైబడిన బాల్స్‌లో స్టాటిక్ బరువు తేడాని (బాల్ ఒక సగానికీ ఎదుటి సగానికీ మధ్య తేడాని) 3 ఔన్సుల దాకా అనుమతించారు. గ్రావిటీ కేంద్రం గుర్తు గురించి పట్టించుకోనక్కర్లేదు అన్నది ఇందుకే. పాత పుస్తకాల్లోనూ పాత వీడియోల్లోనూ "ఇక్కడ ఒక వెయిట్ హోల్ వేస్తే చాలు" అని చెప్పే సలహాలు ఇప్పుడు చెల్లవు.

డ్రిల్లర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

లేఅవుట్ అంకెలు చెప్పకండి. మీ పీఏపీ, వేగం, రెవ్ రేట్ చెప్పండి. లేదా ఆయన ముందే నాలుగు షాట్లు వేసి కొలవనివ్వండి. తర్వాత మీ దగ్గరున్న బాల్ ఎక్కడ మొండికేస్తోందో చెప్పండి: "తాజా ఆయిల్ మీద మళ్లడం లేదు", "రెండో గేమ్ నుంచి ముందే తిరిగిపోతోంది", "మూలలో 10 పిన్ వదిలేస్తోంది". లేఅవుట్ అంకెల కన్నా ఈ మాటలే ఆయనకి ఎక్కువ పనికొస్తాయి.

రెండో బాల్ వేయించేటప్పుడు, మొదటి దాని లేఅవుట్‌నే కొత్త బాల్ మీద వేయించడం మంచి పద్ధతి. అప్పుడు రెండిటి మధ్య కనిపించే తేడా బాల్‌దే అని తెలుస్తుంది. బాల్, లేఅవుట్ రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది ఏం చేసిందో అర్థం కాదు. అదే రకం బాల్‌ని రెండోసారి కొంటున్నప్పుడు మాత్రమే ఒకటి పిన్ అప్, ఒకటి పిన్ డౌన్ వేయించి చూడండి.

వేయించిన లేఅవుట్ నచ్చకపోతే వెంటనే రంధ్రాలు పూడ్చి మళ్లీ డ్రిల్ చేయించాలని తొందరపడొద్దు. పూడ్చడం కుదురుతుంది, చాలామంది చేయిస్తారు కూడా. కానీ ముందు పైపొర మార్చి చూడండి. 2000 గ్రిట్ నుంచి 1000కి దింపి ఒక గేమ్, 4000కి పెంచి ఇంకో గేమ్ ఆడండి. రెండిట్లోనూ బాల్ ఒకే తప్పు చేస్తుంటే అప్పుడు పీఏపీ మళ్లీ కొలిపించండి. విడుదల మారితే పీఏపీ కూడా జరుగుతుంది. ఏడాది కిందటి కొలతతో వేసిన లేఅవుట్ ఇప్పటి చేతికి సరిపోకపోవచ్చు.